కారుణ్య మరణము - చట్టము - గృహధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము 25 సంవత్సరములు నిలుచుట సామాన్య విషయము కాదు. దీపము పెట్టువారుండవలెను, ఆ వెలుగున చదువుకొనువారును ఉండవలెను. ఈ ఉభయులును ఉన్నందుననే నేటి రజతోత్సవము జరుగుచున్నది. ఇట్టి సభలలో విద్యను గూర్చియో, వ్యవసాయమును గూర్చియో, ఆరోగ్యమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేటి విషయము మరణము. శుభసమయమున ఈ ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని మన పెద్దలు ఈ విషయమును చాటుచేసినవారు కారు. పరీక్షిన్మహారాజు ఏడు దినములలో మరణము తప్పదని తెలిసికొని గంగాతీరమున ప్రాయోపవేశము చేసి భాగవతమును వినెను. భీష్ముడు తండ్రి యిచ్చిన స్వచ్ఛంద మరణ వరముతో అంపశయ్యపై నుండి ఉత్తరాయణమునకై వేచెను. ఈ కథలు వినని తెలుగు గ్రామము లేదు. పురాణమునకు చోటిచ్చిన ఊరు ఈ విచారణకును చోటియ్యకపోదు.

విచారింపవలసిన ప్రశ్న యిది. నయముకాని వ్యాధితో బాధపడు మనుష్యుడు, తెలివి గలిగియుండి, నాకిక చావు ప్రసాదింపుడని కోరినచో, వైద్యుడు సాయపడవచ్చునా? చట్టము అందులకు సమ్మతింపవచ్చునా? సమ్మతింపవలెనని అనేక దేశములలో ఉద్యమములు జరిగినవి. మన దేశమునను జరిగినది. ఆ ఉద్యమచరిత్రలో హైదరాబాదు నగరమున కొక విషాదకరమైన స్థానము కలదు.

బేగంబజారు తెలియనివారు అరుదు. ఇత్తడి పాత్రలకును, కిరాణా సరకులకును జిల్లాల వర్తకులు అచ్చటికే పోవుదురు. ఆ బజారునుండి మూసీ ఒడ్డునకు నడచినచో కొలది దూరములోనే అఫ్జల్‌గంజిలో ఉస్మానియా ఆస్పత్రియు, దానికి చేరువనే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును కనబడును. నదికి ఆవలి యొడ్డున హైకోర్టు భవనము కలదు. ఈవల వైద్యము, ఆవల న్యాయము, నడుమ నది. వైద్యుడు చేయగలిగినదేది, న్యాయస్థానము అనుమతింపగలిగినదేది, ఆ రెండింటి నడుమ చిక్కిన రోగి కోరునదేది అను మూడు ప్రశ్నలును 2004వ సంవత్సరమున ఆ హైకోర్టు ముందునకు ఒక్కమారే వచ్చెను.

కె. వెంకటేశ్ అను యువకుడు హైదరాబాదు వాసి. చదరంగమున జాతీయస్థాయి క్రీడాకారుడు. అతనికి చిన్నతనముననే డుషేన్ కండర క్షీణత అను వ్యాధి కనబడెను. ఇది జన్యులోపమువలన కలుగునది. కండరములను నిలువరించు డిస్ట్రోఫిన్ అను మాంసకృత్తును శరీరము తయారుచేసికొనలేదు. ఇంచుమించుగా మగపిల్లలకే ఇది వచ్చును. మూడు నాలుగేండ్ల ప్రాయమున పిల్లవాడు తరచుగా పడుచుండును. నేలనుండి లేచునపుడు తన తొడలపై చేతులానించి ప్రాకినట్లు లేచును. పది పన్నెండేండ్లకు నడక పోయి చక్రముల కుర్చీ తప్పదు. పిమ్మట ఊపిరి తీయు కండరములును, గుండెయు క్రమముగా బలహీనమగును. ఇంత జరిగినను చాలమందిలో బుద్ధి చెక్కుచెదరదు. చదరంగమునకు కాళ్ల బలము అక్కరలేదు గనుక వెంకటేశ్ తనకు మిగిలిన దానితో ఆడెను, గెలిచెను.

25 ఏండ్ల ప్రాయము వచ్చుసరికి అతడు ఆస్పత్రిలో యంత్రసాయముతో ఊపిరి తీయుచుండెను. మరణము దగ్గరపడినదని అతడెరుగును. అప్పుడతడు కోరినది కేవలము మరణము కాదు. తన అవయవములు వ్యాధిచే చెడిపోకముందే తన్ను మరణింపనిచ్చి, వానిని వేరు రోగులకు అమర్పవలెనని కోరెను. కన్నకొడుకు చావునకు అనుమతి నిప్పింపుమని కోర్టునకు పోవలసిన దుస్థితి అతని తల్లి సుజాతకు కలిగెను. ఆ కోరికను ఆమె తనదిగా చేసికొని ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు విన్నవించెను. చట్టము ఇందులకు అవకాశమియ్యదని హైకోర్టు ఆ విన్నపమును త్రోసివేసెను. 2004 డిసెంబరు 17వ తేదీన వెంకటేశ్ మరణించెను. అతని కన్నులు మాత్రము దానమయ్యెను. అతడీయదలచిన తక్కిన అవయవములు ఎవరికిని ఉపయోగపడలేదు. ఈ తల్లీకొడుకుల కథ ఆధారముగా 2022లో రేవతి దర్శకత్వమున ‘సలాం వెంకీ’ అను హిందీ చిత్రము వెలువడెను.

కన్నులు మాత్రమే ఏల ఉపయోగపడెనన్నది గ్రహింపదగిన విషయము. గుండె ఆగిన పిమ్మట రక్తప్రసారము నిలిచిపోవును. మూత్రపిండములు, కాలేయము, గుండె రక్తము లేనిదే ఎక్కువసేపు నిలువవు. కంటి నల్లగుడ్డుపై నుండు పారదర్శకమైన పొరకు నేరుగా రక్తనాళములు లేవు గనుక దానిని మరణించిన కొన్ని గంటల వరకు తీయవచ్చును. తక్కిన అవయవములను తీయవలెనన్నచో, సాధారణముగా మెదడు కాండము పూర్తిగా చచ్చియు, యంత్రసాయమువలన గుండె ఇంకను కొట్టుకొనుచున్న స్థితి కావలెను. పత్రికలు ఇట్టివానిని జీవన్మృతుడని వ్రాయుచున్నవి. అవయవముల మార్పిడిని గూర్చిన 1994 నాటి చట్టము ఆ స్థితిని మరణముగా అంగీకరించెను. వెంకటేశ్ మెదడో, నిండుగా జీవించియుండెను. తన కోరికను తానే తెలుపగలిగెను. కావున ఆ చట్టము దృష్టిలో అతడు దాత కాజాలడు. తెలివి యుండుటయే అతని దానమునకు అడ్డయ్యెను.

హైకోర్టు నిర్దయగా నడచినదనుట సరికాదు. ఆ న్యాయస్థానమునకు ముందున్న త్రోవ ఇరుకైనది. ఆత్మహత్యాయత్నమును నేరముగా నెంచు భారత శిక్షాస్మృతి 309వ సెక్షను రాజ్యాంగమునకు విరుద్ధము కాదని ఇదే హైకోర్టు 1987లో చెన్న జగదీశ్వర్ కేసున తీర్పు చెప్పియుండెను. 1994లో సుప్రీంకోర్టు న్యాయమూర్తు లిరువురు అందులకు భిన్నముగా ఆ సెక్షను చెల్లదనిరి. 1996లో జ్ఞాన్ కౌర్ కేసున అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని త్రోసిపుచ్చి, జీవించు హక్కులో మరణించు హక్కు ఇమిడిలేదని నిర్ణయించెను. అయినను అదే తీర్పులో, ప్రకృతిసిద్ధముగా ముగియుచున్న జీవితమునకు గౌరవప్రదమైన ముగింపు కావలెనను భావమును చోటుచేసికొనెను. ఆ చిన్న వాక్యసందునుండియే తరువాతి కాలమున మార్గమేర్పడెను.

ఇచ్చట మాటలను వేరుపరచుకొనుట అవసరము. ఈ విషయమున జగడము సగము మాటల కలగలుపువలననే కలుగుచున్నది. మానసికవేదనచే ప్రాణము తీసికొనుట ఆత్మహత్య. అట్టివానికి కావలసినది ఆదరణయు, చికిత్సయు. 2017 నాటి మానసికారోగ్య చట్టము ఈ దృష్టితోనే అతనిని రక్షింపదలచెను. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేదు. అయినను ఒకనిచే ప్రాణము తీయించుకొనుటకు ప్రోత్సహించుట, సాయపడుట నేటికిని నేరమే. నయముకాని రోగికి వైద్యుడు సూదిమందుతో ప్రాణము తీయుట క్రియాత్మకమైన కారుణ్య మరణము. రోగియే త్రాగుటకు వైద్యుడు మందునిచ్చుట సహాయ మరణము. ఈ రెండును మన దేశమున నిషిద్ధములు. చావును దూరము నెట్టుటకు మాత్రమే పెట్టిన యంత్రమును తీసివేసి, లేక మొదటనే పెట్టక, వ్యాధిని తనదారిన పోనిచ్చుట నాలుగవది. దీనిని నిష్క్రియ కారుణ్య మరణమని యందురు. ఇదియొక్కటియే నియమములకు లోబడి మన చట్టమునకు సమ్మతము.

ఈ సమ్మతి ఊరక రాలేదు. 1981లో బొంబాయిలో మినూ మసానీ గౌరవముతో మరణించు హక్కు కొరకు ఒక సంఘమును స్థాపించెను. ఆచార్య రంగా అధ్యక్షుడుగా 1959లో వెలసిన స్వతంత్ర పార్టీ నాయకులలో మసానీ ఒకడు. మనుష్యుని స్వేచ్ఛను గూర్చి పార్లమెంటులో వాదించిన వాడు వృద్ధాప్యమున మరణవిషయమునను ఆ స్వేచ్ఛనే కోరెను. 2005లో కామన్ కాజ్ అను సంస్థ సుప్రీంకోర్టున దావా వేసెను. వెంకటేశ్ మరణించి అప్పటికి కొలది నెలలే అయ్యెను.

ఈ దారిలో తెలుగు న్యాయకోవిదుల కృషిని మరువరాదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తిగా నుండి, సుప్రీంకోర్టున పనిచేసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు లా కమిషన్ అధ్యక్షుడుగా 2006లో 196వ నివేదికను సమర్పించెను. బ్రతుకు ఆశలేని రోగి చికిత్స వలదన్నచో ఆ మాటను మన్నించుట నేరము కాదనియు, అట్టి రోగికిని వైద్యునికిని చట్టరక్షణ ఉండవలెననియు అందు సూచింపబడెను. ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండియే ఎదిగిన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి అధ్యక్షతన 2012లో వచ్చిన 241వ నివేదిక ఆ విషయమును మరల పరిశీలించి చట్టము అవసరమనెను. హైదరాబాదు యువకుని విన్నపమునకు 2004లో లభింపని సమాధానమును వెదకినవారిలో ఆ న్యాయస్థానమున పనిచేసినవారే ఇరువురుండుట గమనింపదగినది.

మరియొక కథ చెప్పనిదే ఈ చరిత్ర పూర్తికాదు. అరుణా షాన్‌బాగ్ బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో నర్సు. 1973 నవంబరు 27న దౌర్జన్యమునకు గురియై మెదడు దెబ్బతిని మంచము పట్టెను. ఆమెకు మరణమును ప్రసాదింపవలెనని రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టును కోరెను. ఆస్పత్రి నర్సులు అంగీకరింపలేదు. ఏండ్లు గడచినకొలది పాతవారు ఉద్యోగవిరమణ చేయుచుండగా క్రొత్తవారు ఆమె సేవను అందుకొనుచు వచ్చిరి. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ విన్నపమును త్రోసివేయుచునే, తగిన సందర్భమున హైకోర్టు అనుమతితో చికిత్సను నిలుపవచ్చునని చెప్పెను. అరుణ 2015 మే 18న న్యుమోనియాతో మరణించెను. 40 ఏండ్లకు పైబడిన ఆ పరుపు జీవితమును ఎవరు ఎట్లు తూచగలరు? బాధను ముగింపవలెనన్నవారును ప్రేమతోనే కోరిరి. ముగింపరాదన్నవారును ప్రేమతోనే వారించిరి. అయితే అరుణ ఏమి కోరియుండెడిదో చెప్పగలవారు లేకపోయిరి. ఈ వివాదమంతటికిని మూలమైన లోటు అదియే. వెంకటేశ్ మాట స్పష్టముగా నుండెను, చట్టము సిద్ధముగా లేదు. అరుణ విషయమున చట్టము మాటాడుటకు సిద్ధపడెను, ఆమె మాట లేకపోయెను.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము అయిదుగురు న్యాయమూర్తులతో కామన్ కాజ్ కేసున తీర్పు చెప్పెను. గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమనెను. తెలివి యున్నపుడే వ్రాసియుంచిన లివింగ్ విల్‌ను, అనగా ముందస్తు ఆదేశపత్రమును, మన్నింపవలెననెను. మొదట ఏర్పడిన విధానము చిక్కైనది. మేజిస్ట్రేటు సంతకము లేనిదే పత్రము చెల్లకుండెను. 2023 జనవరి 24న కోర్టు దానిని సడలించెను. ప్రాణము తీయు సూదిమందు విషయమున మాత్రము కోర్టు మెట్టుదిగలేదు.

మరల బేగంబజారునకు వత్తము. అచ్చటి వర్తక కుటుంబములలో మార్వాడమునుండియు గుజరాతునుండియు వచ్చిన జైనులు కలరు. వారి మతమున సంథారా, లేక సల్లేఖన, అను ఆచారము ప్రాచీనము. శరీరము ధర్మాచరణకు పనికిరానంత శిథిలమైనపుడు, గురువుల అనుమతితో, ద్వేషమును మోహమును విడిచి, ఆహారమును క్రమముగా తగ్గించుకొని దేహము వదలుట దాని స్వరూపము. కడప జిల్లా దానవులపాడున దొరికిన నిషిధి శిలలు జైనుల ఇట్టి మరణములకు గుర్తులు. ఇది ఆత్మహత్యయేనని రాజస్థాన్ హైకోర్టు 2015 ఆగస్టు 10న తీర్పు చెప్పగా, దేశమంతట జైనులు నిరసన తెలిపిరి. ఆ నెల 31వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసెను.

సంథారాకును సహాయ మరణమునకును పోలికయు కలదు, భేదమును కలదు. రెండింటను మనుష్యుడు తెలివితో మరణమును అంగీకరించును. కాని సంథారాలో బాధనుండి తప్పించుకొనుట ఉద్దేశము కాదని జైనులు చెప్పుదురు. మందిచ్చు వైద్యుడందు లేడు. సమాజము చుట్టును కూర్చుండి చూచును. ఆధునిక రోగి యంత్రముల నడుమ, గాజు తలుపు లోపల, తనవారు బయట నుండగా చచ్చుచున్నాడు. ఉద్యమకారులు కోరుచున్నది ఆ గాజు తలుపును తెరువుమనియే యని కొందరందురు. అట్టి మరణమునకు మతము చోటిచ్చినపుడు చట్టమేల ఈయరాదని వారి ప్రశ్న. ఆ ప్రశ్న తేలికగా త్రోయదగినది కాదు.

వారి పక్షమును నిష్పక్షపాతముగా చెప్పవలెను. అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమున 1994లో ప్రజల ఓటుచే ఆమోదింపబడిన చట్టము 1997లో అమలునకు వచ్చెను. ఆరు నెలలకు మించి బ్రతుకడని ఇరువురు వైద్యులు నిర్ణయించిన వయోజన రోగికి మాత్రమే అచ్చట మందు వ్రాసియియ్యవచ్చును. రోగియే దానిని పుచ్చుకొనవలెను. నెదర్లాండ్సులో 2002నుండి వైద్యుడే సూదిమందునిచ్చుటకు నియమములతో అనుమతి కలదు. కెనడాలో 2016లోను, న్యూజీలాండులో 2021లోను ఇట్టి చట్టములు అమలయ్యెను. ఆరిగాన్ రోగులు ఏల కోరుచున్నారని వైద్యులనడిగిన సమాధానములలో నొప్పి మొదటిది కాదు. తన పని తాను చేసికొనలేకపోవుట, తన జీవితముపై తన యధికారము పోవుట, ఇష్టమైన వ్యాపకములకు దూరమగుట ముందు నిలుచుచున్నవి. వెంకటేశ్ వంటివాని మనస్సును ఈ సమాధానములు కొంత తెలియజేయుచున్నవి. దేహమున ఏ భాగమును తన మాట విననపుడు, కడపటి నిర్ణయమొక్కటి తనది కావలెనని కోరుట దౌర్బల్యము కాదు.

ప్రతిపక్షమును అంతే గట్టిగా వినవలెను. తమిళనాడు దక్షిణ జిల్లాలలో తలైకూత్తల్ అను దురాచారము కలదని 2010లో పత్రికలు బయటపెట్టెను. మంచముపట్టిన ముసలివారికి తెల్లవారుజామున నూనెతో తలంటి, చన్నీళ్లు పోసి, కొబ్బరినీరు త్రాగించి ప్రాణము పోవునట్లు చేయుదురు. దానిని చేయువారు కూడ దయ యనియే చెప్పుకొందురు. ఆ ముదుసలిని అడిగినవారెవరు? అడిగినచో, కోడలి ముఖమును చూచి, కొడుకు అప్పును తలచి, ఆమె ఏమని చెప్పును? మన గ్రామములలో తల్లిదండ్రులు ‘మీకు భారమైతిమి’ యనుట నిత్యము వినబడు మాట. ఆస్పత్రి ఖర్చునకు ఎకరము అమ్మిన ఇంట ఆ మాట మరింత బరువగును. అట్టిచోట మరణించు హక్కు క్రమముగా మరణించు బాధ్యతగా మారునను భయము ఊహాజనితము కాదు.

ఈ రెండు పక్షములను తూచునపుడు ఒక సత్యము స్పష్టమగును. కోరిక స్వేచ్ఛగా కలిగినదనుటకు, కోరకుండుటకును త్రోవ ఉండవలెను. నొప్పికి మందు దొరకని రోగి చావును కోరినచో దానిని స్వేచ్ఛ యనరాదు. నల్లమందు పండించి విదేశములకు పంపు దేశము మనది. దానినుండి తీయు మార్ఫిన్ క్యాన్సరు నొప్పికి చౌకయైన మంచి మందు. అయినను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద పలు అనుమతులు కావలసియుండుటచే ఆస్పత్రులు దానిని నిలువయుంచుటకే జంకెను. 2014లో ఆ చట్టమును సవరించి విధానమును సులభము చేసిరి. హైదరాబాదు రెడ్‌హిల్సులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రిలో ఉపశమన చికిత్స లభించును. తెలంగాణలో జిల్లా కేంద్రములకును ఆ సేవ కొంత వ్యాపించినది. ఈ చికిత్స వ్యాధిని కుదుర్చదు. నొప్పి, ఆయాసము, వాంతి, పుండ్లు, భయము వీనిని తగ్గించును. సహాయ మరణమును కోరువారును వలదనువారును కలసి కోరదగినది ఇదియే. ఇది ప్రతి మండలమునకును చేరిన నాడు, అప్పటికిని చావునే కోరు రోగి మాటను చట్టము మరింత శ్రద్ధతో వినవలసియుండును. ఆ వాదము అచ్చటితో ముగియదు, న్యాయముగా మొదలగును.

అంతవరకు ఊరకుండవలెనా? అక్కరలేదు. 2018, 2023 తీర్పులచే లభించిన హక్కు చిన్నది కాదు. తెలియనందున అది వినియోగమునకు రాకున్నది. కావున దాని విధానము ఇచ్చట వివరింపబడుచున్నది.

18 ఏండ్లు నిండి, మనస్సు స్వస్థముగా నున్నవారెవరైనను ముందస్తు ఆదేశపత్రమును వ్రాయవచ్చును. కోలుకొను ఆశలేని వ్యాధి వచ్చి, తాను మాటాడలేని స్థితిలో నున్నపుడు, ఏ చికిత్సలు వలదో అందు స్పష్టముగా చెప్పవలెను. తన తరపున నిర్ణయము తెలుపుటకు నమ్మకమైన బంధువును, ఒక్కరినో అంతకు మించియో, పేర్కొనవలెను. స్వతంత్రులైన ఇరువురు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీచేగాని గెజిటెడ్ అధికారిచేగాని ధ్రువీకరింపజేయవలెను. ప్రతులను ఆ బంధువునకును, కుటుంబ వైద్యునికిని ఇచ్చి, మరియొక ప్రతిని పంచాయతీ లేక పురపాలక సంఘము తరపున నియమితుడైన అధికారికి అప్పగింపవలెను. మనస్సు మారినచో ఎప్పుడైనను వ్రాతమూలకముగా రద్దుచేయవచ్చును.

అవసరమైన నాడు ఆస్పత్రిలో చికిత్సచేయు వైద్యుడును, అనుభవజ్ఞులైన మరి ఇరువురు వైద్యులును కూడి పరిశీలింతురు. పిమ్మట జిల్లా వైద్యాధికారి నియమించిన వైద్యునితో కూడిన రెండవ మండలి చూచును. ఒక్కొక్క మండలి సాధ్యమైనంతవరకు 48 గంటలలో తన అభిప్రాయమును తెలుపవలెను. ఉభయులును సమ్మతించి, పత్రమున పేర్కొనిన బంధువును అంగీకరించి, మేజిస్ట్రేటునకు తెలిపిన తరువాతనే యంత్రము తీయబడును. మండలి కాదన్నచో హైకోర్టునకు పోవచ్చును. పత్రమే లేనిచో కుటుంబసభ్యుల అంగీకారముతో ఇదే క్రమము నడచును. యంత్రము తీసినంతమాత్రమున సేవ ఆగరాదు. నొప్పికి మందు, నోటికి తడి, శరీరమునకు శుభ్రత, ప్రక్కన ఒక చేయి, ఇవి కడవరకు ఈయవలసినవే.

అవయవదానము సంగతియు ఇట్లే ముందుగా ఇంట చెప్పవలసినది. 2013నుండి జీవన్‌దాన్ పథకము క్రింద జీవన్మృతుల అవయవములను వరుసక్రమమున రోగులకు చేర్చు ఏర్పాటు నడచుచున్నది. దానమియ్యదలచినవాడు తన పేరు నమోదు చేసికొనినను, ఆ క్షణమున కుటుంబము అంగీకరింపవలెను. ఎన్నడును చెప్పని మాటను ఏడ్చుచున్న ఇంటివారు ఊహింపలేరు.

కావున ఈ విషయమున మొదటి కర్తవ్యము చట్టసభలది కాదు, కోర్టులదియు కాదు. అది గృహస్థులది. పొలము పంపకమును గూర్చి, పెండ్లి కట్నకానుకలను గూర్చి గంటలకొలది మాటాడుకొను కుటుంబములు, తండ్రికి వెంటిలేటరు పెట్టవలెనా అను మాటను ఆస్పత్రి మెట్లమీద అయిదు నిమిషములలో, అప్పు తెచ్చిన వానిని ముందు పెట్టుకొని తేల్చుకొనుచున్నవి. ఆ అయిదు నిమిషములలో తండ్రి మాటకు తావులేదు. కొందరు భయముతో యంత్రము పెట్టించి, పొలము పోయిన పిమ్మట తీయించుదురు. కొందరు డబ్బు లేక పెట్టింపక, జీవితాంతము ఆ నిందను తమపై వేసికొందురు. పెద్దవాడు ఒకనాడు భోజనానంతరము పిల్లలను కూర్చుండబెట్టి, తనకేది కావలెనో, ఏది వలదో చెప్పినచో ఆ నింద ఎవరికిని ఉండదు. పిల్లలు ‘అట్టి మాటలేల నాయనా’ యని వారింపక వినవలెను. ‘భారమైతిమి’ అను మాట వచ్చినచో, అది కోరికయో వేదనయో గుర్తించి, ముందు వేదనను తీర్పవలెను.

వెంకటేశ్ కోరినదానిని చట్టము నేటికిని పూర్తిగా ఈయలేదు. ఈయవలెనా వలదా అను చర్చ ఇంకను సాగవలసియున్నది. అది పట్టణములలో పండితుల నడుమ మాత్రమే సాగిన చాలదు. వైద్యునికి దూరమున, కోర్టునకు మరింత దూరమున నుండు గ్రామములే దానివలన మేలునైనను కీడునైనను ఎక్కువగా అనుభవించునవి. ఈ గ్రంథాలయమున ఒక సాయంకాలమున వైద్యుడొకరిని, న్యాయవాదియొకరిని పిలిచి ఆదేశపత్రపు నమూనాను చదివించి, పెద్దలచే ప్రశ్నలడిగించినచో అది ఈ రజతోత్సవ సంవత్సరమునకు తగిన కార్యమగును. పత్రము వ్రాయుటయా మానుటయా వారి యిష్టము. తెలిసి మానుట వేరు, తెలియక మానుట వేరు. ఆ భేదమును చూపుటకే గ్రంథాలయములు వెలసినవి.

ఈ సంస్థ స్వర్ణోత్సవమును చూచుగాక.